వ్యాసం చదవడం కష్టంగా ఉందంటున్నారు, ఎక్కడ దిద్దాలి?

గండిపేట గట్టు:
హైదరాబాద్ చెరువుల మీద రాస్తున్నాను. విషయం బాగుంది గానీ చదవలేకపోతున్నామంటున్నారు. మచ్చుకు ఒక వాక్యం:
"1908లో మూసీకి వచ్చిన వరద వల్ల కలిగిన నష్టం పునరావృతం కాకుండా నివారించే నిమిత్తం విశ్వేశ్వరయ్య సూచించిన ప్రణాళిక మేరకు నిర్మించబడిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయినది."
మాటలు కఠినంగా ఉన్నాయా?

నల్లకుంట ప్రూఫ్‌రీడర్:
మాటల కంటే అమరికే ఇబ్బందండీ. వచ్చిన, కలిగిన, సూచించిన, నిర్మించబడిన... ఇవన్నీ మోసుకుంటూ వస్తే గానీ సంగతి ఉస్మాన్ సాగర్ గురించని తెలియదు. ఇలా విడగొట్టండి:
"1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరక్కుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నదికి ఎగువన జలాశయాలు కట్టమన్నారాయన. అలా వచ్చిందే ఉస్మాన్ సాగర్, మన గండిపేట. 1920లో పూర్తయింది."
'బడిన' కనబడితే ఎవరు చేశారో వెతికి ముందుకు తెండి. 'యొక్క' దాదాపు ఎప్పుడూ అనవసరమే: 'చెరువు యొక్క కట్ట' అనక్కర్లేదు, 'చెరువు కట్ట' చాలు.

రాంనగర్ రాతగాడు:
ఒప్పుకుంటాను గానీ, అన్నీ పొట్టి వాక్యాలైతే ఎక్కిళ్లు పెట్టినట్టుంటుంది. కారణాన్నీ ఫలితాన్నీ విడదీయొద్దు. "కాలువ పూడిపోవడంతో చెరువు నిండలేదు" అన్నది ఒక్క వాక్యంగానే ఉండాలి. రెండు ముక్కలు చేస్తే ఏది దేనివల్లో పాఠకుడే ఊహించుకోవాలి.
జలాశయం అన్నా, రిజర్వాయర్ అన్నా అందరికీ తెలుసు. అందం కోసం ఒకసారి జలాశయం, ఒకసారి రిజర్వాయర్, ఇంకోసారి తటాకం అని మారిస్తేనే చిక్కు, మూడూ వేరువేరనుకుంటారు. 'నిమిత్తం' మాత్రం ఆఫీసు ఫైలుకు వదిలేయండి.

డీటీపీ అన్న:
పేజీ కూడా చూసుకోండి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వస్తాయి. ఇంగ్లిష్‌కు పెట్టే ఎడమే పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుసల ఎడం అక్షరం సైజుకు కనీసం 1.5 రెట్లు ఉంచండి. రెండు అంచులూ సమం చేయొద్దు. మన మాటలు పొడుగు కాబట్టి ఫోన్‌లో వరుసకు కొన్నే పడతాయి, మధ్యలో పెద్ద ఖాళీలు మిగులుతాయి. పేరా సగం తెర దాటకపోతే మేలు.

గండిపేట గట్టు:
థాంక్సండీ. మొదటి పేరా "హైదరాబాదులో అనేక చెరువులు కలవు" అని ఉంది. ఉంచనా?

నల్లకుంట ప్రూఫ్‌రీడర్:
కొట్టేయండి. రెండో పేరాతో మొదలుపెట్టి చూడండి, అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది.