పసివాడి చావుకి ఇంట్లోవాళ్ల పాపమే కారణమా?

గట్టుమీదచెట్టు:
అందరికీ వందనాలు. మా చెల్లెలి కొడుకు, ఆరేళ్లవాడు, డెంగ్యూ వచ్చి నాలుగు రోజుల్లో చనిపోయాడు. ఆదరణ కూడికకి వచ్చిన ఒక ప్రసంగీకుడు యెహోషువ 7వ అధ్యాయం తీశారు. ఆకాను అనేవాడు దేవుడు ముట్టవద్దన్న శపితమైన సొమ్ము గుడారంలో దాచినందుకు ఇశ్రాయేలీయులు హాయి ఊరి ముందు ఓడిపోయారు కదా, "ఈ ఇంట్లో కూడా ఏదో దాచారు, ఒప్పుకోండి" అన్నారు. అప్పటినుంచి మా చెల్లి పెళ్లికి ముందు చేసిన తప్పులు కూడా తవ్వి తీసి లెక్కపెట్టుకుంటోంది. అన్నం సరిగ్గా తినడం లేదు.

దేవుడు పాపానికి తీర్పు తీరుస్తాడని నేనూ నమ్ముతాను. కానీ ఒక చావుని చూపించి "ఇదే ఆ తీర్పు" అనే అధికారం మనకెవరిచ్చారు?

లేఖనమేఆధారం:
సిస్టర్, మీ కుటుంబం కోసం ప్రార్థిస్తాను. అయినా ఒక మాట చెప్పాలి. దావీదు రాజు పాపం చేస్తే అతని బిడ్డ చనిపోయాడు (2 సమూయేలు 12). అననీయ, సప్పీరా అబద్ధమాడి అక్కడికక్కడే పడిపోయారు (అపొస్తలుల కార్యములు 5). కొరింథు సంఘంలో ప్రభువు బల్లను, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారాన్ని, అగౌరవపరచినందుకు చాలామంది రోగులయ్యారని, కొందరు చనిపోయారని పౌలు రాశాడు. యేసు ప్రభువే తాను జబ్బు బాగుచేసినవాడితో "ఇక పాపం చేయకు, మరింత కీడు కలుగుతుందేమో" అన్నాడు (యోహాను 5:14). ఇవన్నీ పక్కనపెట్టి ప్రేమ ఒక్కటే బోధిస్తే సంఘంలో భయం మిగలదు.

బెరయవాసి:
బ్రదర్, మీరు చెప్పినవి మళ్లీ ఒక్కొక్కటి తెరిచి చూడండి. దావీదుకి సంగతి ఎవరు చెప్పారు? దేవుడు పంపగా నాతాను ప్రవక్త వచ్చి చెప్పాడు. ఆకాను ఎలా దొరికాడు? దేవుడే గోత్రం, వంశం, ఇల్లు వరుసగా బయటపెట్టాడు. యోహాను 5లో ఆ మనిషి బతుకంతా తెలిసిన ప్రభువు, దేవాలయంలో అతన్ని కనుగొని అతనితోనే అన్నాడు. ఎక్కడా ఎవరూ చావు చూసి పాపాన్ని ఊహించలేదు. ఊహించినవాళ్లు మాత్రం ఉన్నారు, పిల్లల్ని పోగొట్టుకున్న యోబు స్నేహితులు. కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టే అని వాళ్లు చెప్పిన సిద్ధాంతం వింటే ఎంతో భక్తిగా ఉంటుంది. చివరికి దేవుని కోపం రగిలింది ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద (యోబు 42:7).

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులా అని ప్రభువే అడిగి, కాదన్నాడు (లూకా 13). పుట్టుగుడ్డి విషయంలో శిష్యులు అడిగింది అచ్చం మీ చెల్లెలి ఇంట్లో అడిగిన ప్రశ్నే సిస్టర్: ఎవరు పాపం చేశారు, వీడా, కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9).

చరిత్రలోనూ ఇదే జరిగింది. 1755 నవంబర్ 1న, సర్వ పరిశుద్ధుల పండుగ ఉదయం, పోర్చుగల్‌లోని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. జనం చర్చిల్లో ఉన్నారు, పైకప్పులు వాళ్ల మీదే కూలాయి. మరుసటి ఏడాది మలగ్రీడా అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ సభ) గురువు దానికి ఊరి పాపాలే కారణమని పుస్తకం వేశాడు. ఆరాధనలో ఉండగా చనిపోయినవాళ్ల పిల్లలు అది చదివి ఏమనుకుని ఉంటారు?

లేఖనమేఆధారం:
లూకా 13లో మీరు సగమే చెప్పారు. "మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారు" అని వెంటనే ఉంది.

బెరయవాసి:
ఉంది. ఆ హెచ్చరిక బతికి వింటున్నవాళ్లకి. చనిపోయినవాళ్ల ఇంటి మీద నేరం మోపడానికి కాదు.

గట్టుమీదచెట్టు:
బ్రదర్, దావీదు బిడ్డ సంగతి నాకూ గుచ్చుకుంటుంది. తప్పు తండ్రిది, చనిపోయింది పసివాడు. దాన్ని తేలిగ్గా దాటలేను. కానీ తండ్రి దోషశిక్ష కొడుకు మోయడని యెహెజ్కేలు 18లో దేవుడే చెప్పాడు కదా. ఈ రెండూ ఎలా కలుస్తాయో నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని కడుపుకోతతో ఉన్న తల్లి నెత్తిన పెట్టకూడదని మాత్రం నా మనసు గట్టిగా చెబుతోంది. ఒక్కటి అడుగుతాను, ఆరోజు ఆ కూడికకి మిమ్మల్నే పిలిచి ఉంటే ఏం చదివేవారు?

లేఖనమేఆధారం:
కీర్తన 34:18 చదివేవాడిని సిస్టర్. "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు." ఆకాను కథ తీసేవాడిని కాదు. పౌలు కొరింథువాళ్లకి రాసిన ఉత్తరంలోని మాట మాత్రం వదలను, అది ఇంకోరోజు మాట్లాడుకుందాం. మీ చెల్లెమ్మ పేరు ఇక్కడ రాయకండి, ప్రార్థనలో దేవునికి తెలుసు. ముందు అన్నం తినిపించండి.