పొట్టి డ్యూస్‌కి 46 అంగుళాల టైర్లు: పనికొచ్చేవా, ఉత్త షోకా?

ఆస్టిన్ పొలంబాబు:
ఆస్టిన్ అవతల నాకు పదెకరాలుంది, పంట లేదు గానీ బురద బోలెడు. పోయినేడు ఆర్మీ వాళ్లు వదిలించుకున్న ఎం35ఏ2 లారీ ఒకటి కొన్నాను. ఇక్కడ దాన్ని డ్యూస్ అంటారు, రెండున్నర టన్నుల బండి. వెనక రెండు యాక్సిళ్లలో ఒకటి పీకేసి, ఛాసిస్ కోసి, పన్నెండడుగుల తొట్టిని ఎనిమిదికి దించాం. ఒకప్పటి పది టైర్ల లారీ ఇప్పుడు నాలుగింటి మీద నిలబడాలి. పాత 9.00-20 టైర్లు తీసేసి 395/85ఆర్20 వేద్దామనుకుంటున్నా. మా ఆవిడ "బండా, ఐరావతమా?" అంటోంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
వేసేయ్ తమ్ముడూ. లెక్క చూడు. టైరు వెడల్పు 395 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 85 శాతం; అది రెండు వైపులా, దానికి 508 మిల్లీమీటర్ల రిమ్ము కలిపితే దాదాపు 1,180, అంటే 46 అంగుళాల పైచిలుకు. పాతది నలభై, నలభై ఒకటి. యాక్సిల్ రేషియో 6.72, అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే యాక్సిల్‌కి వచ్చే షాఫ్టు 6.72 సార్లు తిరగాలి; అందుకే ఇంజిన్ నిమిషానికి 2,600 చుట్ల దగ్గర గొంతు చించుకున్నా బండి గంటకి 55, 56 మైళ్లు దాటదు. కొత్త టైర్లతో అదే తిరుగుడుకి 63 వస్తుంది. పైసా పెట్టకుండా రేషియో 5.87కి మారినట్టే. మీటరు మాత్రం 55 అనే అబద్ధం చెబుతుంది, అది గుర్తుంచుకో.

గ్రీజు చేతులు:
పైసా పెట్టకుండానా? టైర్లు ఊరికే ఇస్తున్నారా మాస్టారూ! వేగం లెక్క బాగానే ఉంది, ఆపే లెక్క ఏది? యాక్సిల్ తీసినప్పుడే ఆరు బ్రేకు డ్రమ్ముల్లో రెండు పోయాయి. బరువూ తగ్గింది కదా అంటారు, ఒప్పుకుంటా. కానీ టైరు పెద్దదయ్యే కొద్దీ అదే డ్రమ్ము నేల మీద చూపించే పట్టు తగ్గుతుంది, ఇక్కడ పన్నెండు పదమూడు శాతం. పైగా దీనికి ఒకటే బ్రేకు లైను. నా డ్యూస్‌కి దిగుడులో వెనక హోస్ పగిలింది, పెడల్ నేలకి అంటుకుంది, ముందు చక్రాలకి కూడా చుక్క నూనె వెళ్లలేదు. గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, గడ్డిలోకి తోలి ఆపాను. పాత టైర్లు కాబట్టి బతికాననడం లేదు, 63 మైళ్ల మీద ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

లెక్కల మాస్టారు:
హోస్ పగిలితే ఏ టైరైనా ఒకటే బ్రదర్. అది టైరు తప్పెలా అవుతుంది?

గ్రీజు చేతులు:
తప్పని కాదండీ. ముందు ఏది, తర్వాత ఏది అన్నదే నా గొడవ. సరే, స్టీరింగ్ సంగతి చెప్పండి. పవర్ స్టీరింగ్ లేదు, ఆగున్న బండిని తిప్పాలంటే ఇప్పుడే భుజాలు దిగిపోతాయి. ఆ కొత్త టైరు, అది ఎక్కే ఇనప చక్రం, అదే డిస్కుతో కలిపి మూడొందల పౌన్లకు పైనే. అంత పెద్ద టైర్లతో ఎత్తు రోడ్డొస్తే అయిదో గేరు పట్టదు, నాలుగుకి దిగాల్సిందే, ఇంజిన్ 140 హార్స్‌పవర్ కూడా దాటదు మరి.

ఆటోనగర్ అల్లుడు:
మా మామగారిది బెజవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు, అక్కడ నేర్చుకున్నదే నేను ఇక్కడ చేస్తున్నా. అందరూ టైరు గురించే మాట్లాడుతున్నారు, డిస్కు గురించి ఎవరూ అడగలేదేం? 395లు చవగ్గా దొరికేవి ఎక్కువగా కొత్త ఆర్మీ లారీలవి, వాటికి పది బోల్టులు. డ్యూస్‌కి ఆరే. ఇదే లారీ తర్వాతి మోడల్ ఎం35ఏ3 డిస్కులు దొరికితే సరిపోతాయి, లేదంటే మధ్య భాగం కోసి వెల్డింగ్ చేయించాలి, అది గల్లీ వెల్డర్‌కి ఇచ్చే పని కాదు. ఇంకో మాట, ఆ రిమ్ములు రెండు ముక్కలు, బోల్టులతో బిగించి ఉంటాయి. గాలి పూర్తిగా తీయకుండా ఒక్క నట్టు కూడా కదపొద్దు, ముక్క ఎగిరొస్తే మనిషి మిగలడు. మా షెడ్డులో రింగు డిస్కుకి, అంటే టైరుని ఇనప రింగు పట్టుకుని ఉండే రకానికి, గాలి కొట్టాలంటే గడ్డపార అడ్డం పెట్టి, మామగారు అందర్నీ దూరంగా తరిమేవారు.
నన్నడిగితే 11.00ఆర్20 వెయ్యండి. 43 అంగుళాలు, చాలామంది పాత డిస్కుల మీదే ఎక్కిస్తున్నారు, మడ్‌గార్డు కొయ్యక్కర్లేదు.

లెక్కల మాస్టారు:
43తో బురదలో ఏం తేడా వస్తుందండీ? ఆయనకి కావాల్సింది వెడల్పు. గాలి తగ్గించి తోలితే 395 బురద మీద పరుచుకుంటుంది, సన్న టైరు దిగబడుతుంది.

ఆటోనగర్ అల్లుడు:
అడుగున గట్టి నేల ఉంటే సన్న టైరే కోసుకెళ్లి పట్టుకుంటుంది. ముందు ఆయన బురద ఎంత లోతో అడగండి.

ఆస్టిన్ పొలంబాబు:
మోకాలి లోతు, కింద సున్నపురాయి. పోనీలెండి, టైర్ల డబ్బు పక్కన పెట్టి ముందు రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ (బ్రేకు నూనెని చక్రాలకి తోసేది) పెట్టిస్తా, ఒక లైను పోయినా రెండోది ఆపుతుంది. 395 మీద ఆశ మాత్రం చావలేదు మాస్టారూ. శనివారం డ్రమ్ములు విప్పుతున్నా. ఎడమ పక్క నట్లు ఒక్కటీ కదలట్లేదు, నాలుగడుగుల పైపు వేసి ఎక్కి నిలబడినా.

ఆటోనగర్ అల్లుడు:
ఆపండి బాబూ! ఎడమ పక్కవి రివర్స్ మరలు. మీరు బిగిస్తున్నారు.