యాతేలో ఓడిపోయింది సోషలిజమేనా?

తీరవాసి:
1853లో ఫ్రాన్స్ వశమైన పసిఫిక్ సముద్రపు దీవి న్యూ కలెడోనియాలో, 1864లో గవర్నర్ షార్ల్ గియాన్ యాతే అనే చోట 20 మంది వలసదారులతో ఫ్రెంచ్ సోషలిస్టు ఆలోచనాపరుడు షార్ల్ ఫూరియే ఆదర్శాల మేరకు ఒక సమష్టి క్షేత్రాన్ని నెలకొల్పాడు. ప్రభుత్వం అండ ఉన్నా అది రెండేళ్లు నిలవలేదు. ఉమ్మడి సొత్తుపై మనిషికి శ్రద్ధ ఉండదనడానికి వేరే సాక్ష్యం కావాలా?

పాతపుటలు:
తీరవాసి గారూ, ఫూరియే సొంత ఆస్తిని రద్దు చేయమనలేదు. రాబడిని పన్నెండు భాగాలు చేసి, శ్రమకు 5, పెట్టుబడికి 4, ప్రతిభకు 3 చొప్పున పంచమన్నాడు. ఎవరికి నచ్చిన పని వారు చేస్తూ, విసుగు పుట్టకముందే మరో పనికి మారే వీలుండాలి గనుక ఒక్కో సంఘంలో సుమారు 1,600 మంది ఉండాలని లెక్క వేశాడు. 20 మందితో పరీక్షించి ఆ సిద్ధాంతం ఓడిందని తీర్పు చెప్పడం సబబు కాదు. పైగా ఇది సభ్యులు తమంతట తాము కట్టుకున్న సంఘం కాదు, గవర్నర్ ఉత్తర్వుతో పుట్టినది. అదే ఏడాది మే నెలలో, అదే గవర్నర్ హయాంలో, శిక్ష పడిన ఖైదీల తొలి ఓడ ఆ దీవికి చేరింది. స్వేచ్ఛా శ్రమను పెంచాలనుకున్న చేతులే నిర్బంధ శ్రమనూ నడిపాయన్న సంగతిని ఈ చర్చలో ఎవరూ పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంది.

బీడుభూమి:
మీరిద్దరూ నేల సంగతి వదిలేశారు. ఆ దీవి మూలవాసులైన కనక్ ప్రజలు పెండలం దుంపలు పండించిన నేలను కొన్నేళ్లు బీడుగా వదిలి, సారం తిరిగి వచ్చాక మళ్లీ సాగు చేసేవారు. స్థానికులు వాడని భూమి ప్రభుత్వానిదేనని 1855లో ప్రకటించిన అధికారుల కళ్లకు ఆ బీళ్లు దిక్కులేని భూములుగా కనిపించాయి. సమానత్వ సంఘానికైనా స్థలం ఇచ్చినది ఆ చట్టమే.

తీరవాసి:
అది అన్యాయమే, కానీ వైఫల్యానికి కారణం కాదు. అలాంటి నేల మీదే సొంత కమతాలున్న వలసదారులు నిలదొక్కుకున్నారు కదా?

బీడుభూమి:
నిలదొక్కుకున్నది ఎక్కువగా పశువుల పెంపకందారులు. వారి మందలు కనక్ తోటలను తొక్కి పాడుచేయడం, కనక్ నాయకుడు అతాయి ఆధ్వర్యాన 1878లో చెలరేగిన తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటి. ఆ నిలకడ ఖర్చు ఎవరు భరించారో లెక్కలోకి తీసుకోకుండా యాతేను దానితో పోల్చలేం.