స్టీరింగ్ వెనుక మీటర్ లేని కారు: మన రోడ్ల మీద అలవాటు పడగలమా?

కృష్ణలంక_వాసి:
మా నాన్నగారికి ఎలక్ట్రిక్ కారు తీసుకుందామని చూస్తున్నాం. ఆయనకు అరవై దాటాయి. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం, వారధి దాటి రోజూ తనే నడుపుకుంటూ వెళ్లి వస్తారు. ఇంట్లో అందరికీ వోల్వో ఈఎక్స్30 నచ్చింది. ఆయన మాత్రం సీట్లో కూర్చుని, ముందు చూసి, "మీటర్ ఏదీ?" అని వెంటనే దిగిపోయారు. అందులో వేగం, బ్యాటరీ, హెచ్చరికలు అన్నీ డ్యాష్‌బోర్డు మధ్యలో నిలువుగా ఉన్న 12.3 అంగుళాల స్క్రీన్ మీదే కనిపిస్తాయి. టెస్లా మోడల్ వై కూడా అంతే. కొద్దిరోజుల్లో అలవాటైపోతుందని షోరూమ్ వాళ్లు అంటున్నారు. నాన్న ఒప్పుకోవడం లేదు. ఇలాంటి కార్లు నడిపినవాళ్లు చెప్పండి, నిజంగా అలవాటవుతుందా? ఎందుకు అవుతుంది, ఎందుకు కాదు?

ఎన్‌హెచ్16_ప్రయాణం:
అవుతుందండీ, అనుమానం లేదు. అసలు మధ్యలో మీటర్ మనకు కొత్తేమీ కాదు. టాటా నానో, ఇండికా విస్టా, షెవర్లే స్పార్క్, 2010 చివర్లో వచ్చిన టొయోటా ఇటియోస్, వీటన్నిటికీ మీటర్ మధ్యలోనే. విజయవాడ స్టేషన్ దగ్గర ట్యాక్సీ ఎక్కేవాళ్లలో ఇటియోస్ ఎక్కనివాళ్లు తక్కువ. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మకు కూడా స్పీడు కనిపించేది. "బాబూ, వంద దాటావు, కాస్త మెల్లగా" అనేది. ఆ డ్రైవర్లు రాత్రిళ్లు హైదరాబాద్ వెళ్లి వచ్చారు, ఎవరూ మీటర్ కనపడలేదని ఆపలేదు.

అమెరికాలో మా అన్నయ్య దగ్గర టెస్లా మోడల్ 3 నడిపాను. 2017లో మొదలైనప్పటి నుంచీ ఆ కారుకు స్టీరింగ్ వెనుక మీటర్ లేదు. వేగం అంకె పెద్దగా, డ్రైవర్ వైపు పైమూలలో ఉంటుంది. మొదట్లో చూపు స్టీరింగ్ వెనక్కే పోతుంది. తర్వాత అదే మానుకుంటుంది. పైగా చాలా కార్లలో స్టీరింగ్ చక్రమే మీటర్‌కు అడ్డం వస్తుంది, పొట్టివాళ్లకు మరీనూ. ఇక్కడ ఆ బాధ లేదు.

ఆటోనగర్_వైరింగ్:
అన్నా, ఇటియోస్‌తో పోలిక కుదరదు. అందులో మధ్యలో ఉన్నది ముల్లు మీటర్. దానికి వేరే పని లేదు, చోటు మారదు. ముల్లు ఎటు వాలిందో ఓరకంట చూసినా తెలిసిపోతుంది, అంకె అయితే చదవాలి. ఈ స్క్రీన్ మీద మ్యాప్, పాటలు, ఏసీ, ఫోన్ కాల్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్యలో వేగం.

స్క్రీన్ పాడైతే ఏంటన్నది ఇంకో ప్రశ్న. 2021లో టెస్లా దాదాపు 1,35,000 పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిపించింది. మధ్య స్క్రీన్ కంప్యూటర్‌లోని మెమరీ చిప్ మీద డేటా రాసీ రాసీ అది అరిగిపోయి స్క్రీన్ ఆగిపోవడమే కారణం. ఆ కార్లకు కనీసం స్టీరింగ్ వెనుక వేరే మీటర్ ఉంది కాబట్టి వేగం కనిపించింది. ఒకే స్క్రీన్ ఉన్న కారులో అది ఆగితే ఎంత వేగంలో పోతున్నామో చూపేది ఇంకేదీ లేదు. మన దగ్గర మే నెలలో ఎండలో పార్క్ చేసిన కారు లోపల వేడి ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. రోజూ కార్ల వైరింగ్ చూసేవాడిగా చెబుతున్నాను, అన్నీ ఒకే పెట్టెలో పెట్టడం నాకు మనసొప్పదు.

బ్రాడీపేట_కళ్లజోడు:
నేను కళ్లజోళ్ల పనిలో ఉన్నాను. ఇక్కడ ఎవరూ పెద్దవాళ్ల కంటి సంగతి ఎత్తలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. దూరం చూస్తున్న కన్ను దగ్గరికి సర్దుకోవడానికి ఇబ్బంది పడుతుంది. కారు మీటర్ ఉండేది చేతికి అందేంత దూరంలో. అది రోడ్డంత దూరమూ కాదు, పేపర్ చదివేంత దగ్గరా కాదు. బైఫోకల్ అద్దాల్లో పై భాగం దూరానికి, కింద భాగం చదవడానికి. ఈ మధ్య దూరం రెండింటిలోనూ మసకే. ప్రోగ్రెసివ్ అద్దాల్లో మధ్య దూరానికి చోటుంది కానీ అది సన్నగా, నిలువు దారిలా ఉంటుంది. పక్కలకు చూస్తే అలికినట్టు కనిపిస్తుంది.

అందుకే స్టీరింగ్ వెనుక మీటర్ అయితే ప్రోగ్రెసివ్ పెట్టుకున్నవాళ్లు కళ్లు దించితే చాలు. స్క్రీన్ ఎడమవైపు ఉంటే కళ్లు తిప్పితే సరిపోదు, తల తిప్పాలి. గంటకు 80లో పోతుంటే సెకనుకు 22 మీటర్లు దాటిపోతాం. తల తిప్పి, అంకె చదివి, మళ్లీ రోడ్డు వైపు వచ్చేలోగా రామవరప్పాడు రింగ్ దగ్గరో, మంగళగిరి దగ్గరో ఎదురు దారిలో ఒక బైక్ వచ్చేస్తుంది. కాబట్టి మీ నాన్నగారిది మొండితనం అనుకోకండి. పాతికేళ్ల కుర్రాడికీ ఆయనకూ ఆ స్క్రీన్ ఒకేలా కనిపించదు.

ఎన్‌హెచ్16_ప్రయాణం:
సర్, కంటి విషయం ఒప్పుకుంటాను, ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ 80 దాటితే కారే బీప్ కొడుతుంది కదా? 2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ ఆ హెచ్చరిక తప్పనిసరి. 120 దాటితే ఆగకుండా మోగుతుంది. వేగం కోసం మాటిమాటికీ చూడాల్సిన అవసరం ఎంత?

మంగళగిరి_శ్రావ్య:
ఇంతసేపూ అందరూ మీటర్ గురించే మాట్లాడుతున్నారు. నాకు అసలు ప్రమాదం వేరే చోట కనిపిస్తోంది.

నా కారుకు మీటర్ స్టీరింగ్ వెనుకే ఉంది. ఏసీ, పక్క అద్దాల సర్దుబాటు మాత్రం టచ్ స్క్రీన్‌లోకి వెళ్లిపోయాయి. పెద్ద వానలో కాజ టోల్ దాటాక లోపల అద్దమంతా ఆవిరి పట్టేసింది. పాత కారులో అయితే చెయ్యి దానంతటదే నాబ్ మీదకు వెళ్లేది. ఇప్పుడు ఎడమ చేత్తో స్క్రీన్ తాకి, ఏసీ పేజీ తెరిచి, అద్దం మీదకు గాలి పంపే గుర్తు వెతకాలి. కారు కుదుపుకు వేలు పక్క గుర్తు మీద పడుతుంది. చుట్టూ లారీలు. నాకు చెమటలు పట్టాయి. బండి పక్కకు తీసి ఆపాకే ఆ పని చేయగలిగాను.

ఇది నా ఒక్కదాని టెన్షన్ కాదు. 2022లో స్వీడన్‌లో ఒక ఆటో పత్రిక 11 కొత్త కార్లనూ 2005 నాటి ఒక వోల్వో వి70నూ గంటకు 110 వేగంలో పరీక్షించింది. ఏసీ, రేడియో లాంటి నాలుగు చిన్న పనులు చేయడానికి బటన్లున్న ఆ పాత కారులో 10 సెకన్లు పట్టింది. అన్నిటికంటే వెనుకబడిన కొత్త కారులో దాదాపు 45 సెకన్లు. అంతసేపట్లో ఆ కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. జర్మనీలో ఒకతను వానలో టెస్లా వైపర్ వేగం స్క్రీన్ మీద మార్చబోయి రోడ్డు దిగి చెట్లను గుద్దాడు. 2020లో కార్ల్స్‌రూహె కోర్టు దాన్ని ఫోన్ చూస్తూ నడపడం లాంటి తప్పుగానే చూసి, 200 యూరోల జరిమానా వేసి, నెల రోజులు బండి నడపకూడదంది.

యూరప్‌లో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి మార్కులిచ్చే పద్ధతి మార్చింది. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎస్‌ఓఎస్ (అత్యవసర కాల్), ఈ అయిదింటికీ చేతికి తగిలే బటనో లివరో ఉండాలంది. ఆ పట్టికలో స్పీడోమీటర్ లేదు, గమనించండి. వేగం మధ్యలో ఉంటే కన్ను నేర్చుకుంటుంది. చదునైన గాజు మీద బటన్ ఎక్కడుందో వేలు ఎన్నేళ్లయినా నేర్చుకోలేదు, ఎందుకంటే అక్కడ తడిమితే తగిలేదేమీ లేదు.

ఆటోనగర్_వైరింగ్:
శ్రావ్య గారూ, మీ మాటలో చాలావరకు నిజం ఉంది. కానీ "కన్ను నేర్చుకుంటుంది" అన్నది అందరికీ వర్తించదని పైన కళ్లజోడు సర్ చెప్పారు కదా. వోల్వోలో వైపర్, ఇండికేటర్ లివర్ మీదే ఉన్నాయి, మంచిదే. అయినా పక్క అద్దాలు సర్దాలన్నా, గ్లవ్ బాక్స్ తెరవాలన్నా స్క్రీనే. కొత్త మోడల్ వైలో గేరు కూడా స్క్రీన్ మీద వేలితో జరపాలి. ఇది డ్రైవర్ సౌకర్యం కోసం చేసింది కాదని నా గట్టి నమ్మకం. బటన్లు, వాటి వైర్లు, వేరే మీటర్ తీసేస్తే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. మిగిలిన ఆ డబ్బుతో ఒక హెచ్‌యూడీ (రోడ్డు మీంచి చూపు దించకుండా డ్రైవర్ కళ్ల ఎదుటే వేగం చూపే హెడ్-అప్ డిస్‌ప్లే) అయినా ఇవ్వచ్చు కదా. 2022 బలెనోలోనే ఇచ్చారు!

బ్రాడీపేట_కళ్లజోడు:
హెచ్‌యూడీ పెద్దవాళ్లకు నిజంగా మేలు చేస్తుంది. అందులో అంకె కారు ముందు కొన్ని అడుగుల దూరంలో తేలుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి చత్వారం అంతగా అడ్డం రాదు. అయితే పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే చాలా హెచ్‌యూడీలు మసకబారతాయి. ముందే చూసుకోవాలి.

కృష్ణలంక_వాసి:
అందరికీ ధన్యవాదాలు. శ్రావ్య గారు రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఆయన పట్టు కొంచెం సడలింది. "మీటర్ సంగతి చూద్దాం, ముందు అద్దం మీద ఆవిరి పోగొట్టడం ఎలాగో నడుపుతూ చూపించమను" అన్నారు. టెస్ట్ డ్రైవ్ మళ్లీ అడగాలనుకుంటున్నాం. ఎప్పుడు, ఎక్కడ చేస్తే సంగతి తెలుస్తుంది?

మంగళగిరి_శ్రావ్య:
పొద్దున్న బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి. సాయంత్రం అయిదు తర్వాత వారధి దాటి గుంటూరు వైపు వెళ్లండి. ఆ వేళ ఎండ కుడివైపు ముందు నుంచి లోపలికి పడుతుంది. స్క్రీన్ మీద అంకె కనిపిస్తుందో లేదో అప్పుడు తేలుతుంది. నాన్నగారు రోజూ పెట్టుకునే కళ్లజోడే పెట్టుకోవాలి. అద్దం మీద గాలి, పక్క అద్దాలు, హజార్డ్ లైట్లు మొదట కారు ఆపి ఆయన చేతే చేయించండి, పక్కన కూర్చున్నవాళ్లు వేలు పెట్టకూడదు. అప్పటికే వెతుక్కుంటున్నారంటే నడుపుతూ చేయనివ్వకండి. చీకటి పడేదాకా ఉండి, స్క్రీన్ వెలుగు తగ్గించాక రోడ్డు ఎలా కనిపిస్తోందో కూడా ఆయన్ను అడగండి.

ఎన్‌హెచ్16_ప్రయాణం:
వచ్చేటప్పుడు బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచి రండి. ఆటోల మధ్య మెల్లగా కదిలేటప్పుడు ఆయన ఆ స్క్రీన్ వైపు ఎన్నిసార్లు చూస్తున్నారో పక్కన కూర్చుని గమనించండి. నేను ఇప్పటికీ అలవాటవుతుందనే అంటున్నాను. మీరు చూసింది ఇక్కడ రాయండి.