ఊరి కాలువ నాచు చేపల ట్యాంక్‌లో వేయొచ్చా? ఇది హైడ్రిల్లానా, అనాచరిస్సా?

గప్పీగూడు:
అందరికీ నమస్కారం. పండక్కి అత్తారింటికి వెళ్ళాను, ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక పంటకాలువలో పచ్చగా తోకల్లా ఊగుతూ ఒక మొక్క కనిపించింది. ఇక్కడ కూకట్‌పల్లిలో షాపువాడు 'అనాచరిస్' అని నాకు అమ్మిన మొక్క అచ్చం ఇలాగే ఉంటుంది. కట్ట 120 రూపాయలు, మొదట్లో సీసం ముక్క చుట్టి ఇచ్చాడు. కాలువలోది ఉచితమే కదా అని క్యారీబ్యాగ్ నిండా తెచ్చేశాను. రాత్రంతా బస్సులో ఉన్నా వాడలేదు. "మా ఊరి పాచి మోసుకెళ్ళిన మొదటి అల్లుడు మీరే" అని మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

ట్యాంక్ రెండడుగులది. గప్పీలు, పది చెర్రీ రొయ్యలు ఉన్నాయి. ఫోటోలో ఎడమది షాపుది, కుడిది కాలువది. రెండూ ఒకటేనా? వేసేయొచ్చా? ప్రస్తుతానికి బాల్కనీలో బకెట్‌లో ఉంచాను.

నీటితోట:
వేయొద్దు. కుడిది హైడ్రిల్లా, ఎడమది ఎజీరియా డెన్సా (షాపుల్లో అనాచరిస్ అనేది దాన్నే). రెండూ వేరు.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నాలుగేళ్ళ కిందట నేనూ ఇలాగే ఒక చెరువు నుంచి గుప్పెడు మొక్క తెచ్చి, కుళాయి కింద కడిగి వేశాను. మూడు వారాల్లో పదిహేను నియాన్ టెట్రాలు ఆరయ్యాయి. చచ్చిన చేప ఒక్కటీ కనిపించలేదు, మాయమైపోతున్నాయి, అంతే. ఒక రాత్రి టార్చ్ వేసి చూస్తే గాజుకి అంటుకుని చిటికెనవేలి గోరంత పురుగు. తూనీగ పిల్ల. కింది దవడ చెయ్యిలా ముందుకి చాచి చేపని పట్టుకుంది. అప్పటి నుంచి బయటి మొక్క నా ఇంటి గడప దాటలేదు. టిష్యూ కల్చర్ కప్పులే (ల్యాబ్‌లో క్రిములు లేకుండా పెంచిన మొక్కలు) కొంటాను. ఒక్కోటి 350 పడుతుంది, పడనీ. నత్త గుడ్డు ఉండదు, పాచి ఉండదు.

పైగా మీకు రొయ్యలున్నాయి. పంటకాలువ అంటే వరి చేలకి కొట్టిన మందంతా దిగేది అందులోకే. చేప తట్టుకున్నా రొయ్య తట్టుకోదు.

కొల్లేటికొంగ:
మాది కొల్లేటి ఒడ్డే, ఆకివీడుకి కూతవేటు దూరం. గప్పీగూడు గారూ, మీరు తెచ్చింది నాచు, సార్ హైడ్రిల్లా అన్నదాన్ని మేం అనేది అలాగే. మేం చిన్నప్పుడు హార్లిక్స్ సీసాలో చేపపిల్లని పెట్టి పక్కన వేసింది ఇదే. CO2 సిలిండరు లేదు, ఎరువు లేదు, మూడొందల యాభై కప్పూ లేదు. కిటికీ ఎండకే ఎగబాకేది.

పటికనీళ్ళలోనో, పొటాషియం పర్మాంగనేట్ వేసిన లేత గులాబీ నీళ్ళలోనో కాసేపు ముంచి, బకెట్‌లో రెండు వారాలుంచి, నీళ్ళు మారుస్తూ ఉంటే తూనీగ పిల్ల ఉంటే కంటబడుతుంది, మందూ చాలావరకు పోతుంది. కుళాయి కింద ఒక్కసారి కడిగి వేసేసి చెరువుని తిడితే ఎలా?

ఎడమదీ నాచే. షాపువాడు మీకు మా కాలువనే 120కి అమ్మాడు.

నీటితోట:
ఎడమది ఎజీరియా. కాడ చుట్టూ వరసకి నాలుగు ఆకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. హైడ్రిల్లాకి అయిదు ఉంటాయి.

కొల్లేటికొంగ:
నాచుకి మూడు నుంచి ఎనిమిది దాకా ఎన్నైనా ఉంటాయి. ఒకే కాడకి కింద నాలుగు, పైన ఆరు కూడా చూశాను.

నీటితోట:
చూడటం వేరు, లెక్కపెట్టడం వేరు.

అక్వా_ఆనందం:
ఫోటో మసగ్గా ఉంది బ్రో, నాకైతే కొత్తిమీరలా కనిపిస్తోంది

శ్రావణమేఘం:
మొక్కల పేర్లు షాపువాళ్ళని అడిగి నమ్మకండి. పోయినేడు నాకు ఒకాయన 'నీళ్ళలో పెరిగే మొక్కలు' అని మూడు రకాలిచ్చాడు. ఒకటి లక్కీ బాంబూ, అంటే డ్రసీనా. ఇంకోటి సింగోనియం. మూడోది పీస్ లిల్లీ. మూడూ నేల మొక్కలు, ఆకులు నీటి పైన ఉంటేనే బతికేవి. నిండా మునిగితే నెలా రెండు నెలలు పచ్చగానే ఉండి, తర్వాత లోపల్నుంచి కుళ్ళుతాయి. నాకు ఆ సంగతి తెలిసేటప్పటికి ట్యాంకంతా కోడిగుడ్డు వాసన, రెండు ఏంజెల్స్ పోయాయి. వెళ్ళి అడిగితే "మీరు నీళ్ళు సరిగ్గా మార్చలేదు మేడం" అన్నాడు.

లెక్కల మాస్టారు:
ఆకుల సంఖ్యతో తేలదండీ. ఇదే పోలికలో ఉండే ఎలోడియాకి సాధారణంగా మూడు, ఎజీరియాకి ఎక్కువగా నాలుగు, హైడ్రిల్లాకి మూడు నుంచి ఎనిమిది. నాలుగు దగ్గర అన్నీ కలిసిపోతాయి. ఇంకో పద్ధతి చెప్తాను. కాడని మొదట్లో పట్టుకుని, చివర నుంచి మొదలు వైపు ఆకుల్ని రెండు వేళ్ళ మధ్య లాగండి. హైడ్రిల్లా అయితే గరగరమంటుంది, అంచున పళ్ళు మామూలు కంటికే కనిపిస్తాయి. తర్వాత ఆకు తిప్పి, నడి ఈనె మీద భూతద్దం పెట్టండి. అక్కడ చిన్న ముళ్ళుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఎజీరియా అంచున కూడా పళ్ళుంటాయి కానీ అద్దం లేకుండా కనిపించవు, ఈనె నున్నగా ఉంటుంది. కాలువలో పీకినప్పుడు వేరుకి బఠాణీ గింజంత తెల్లటి దుంప వచ్చిందా? వస్తే హైడ్రిల్లాయే. ఎజీరియాకి దుంపలుండవు.

ఇంకో సంగతి. ఎజీరియా దక్షిణ అమెరికా మొక్క, చల్లటి నీళ్ళు కావాలి. మే నెలలో హైదరాబాద్ ట్యాంక్ 32 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. గప్పీగూడు గారూ, ఎడమది ఎప్పుడు కొన్నారు?

గప్పీగూడు:
ఏప్రిల్‌లో. ఎండాకాలమంతా గదిలో ఏసీ లేదు, అయినా పెరిగింది.

కొల్లేటికొంగ:
హమ్మయ్య.

నీటితోట:
ఒక్క వేసవి తట్టుకున్నంత మాత్రాన హైడ్రిల్లా అయిపోదు. నా ఎజీరియా రెండు వేసవులు బతికింది.

కొల్లేటికొంగ:
అయితే అది కూడా నాచే అయ్యుంటుంది.

నీటితోట:
చూడండి, నేను పదేళ్ళుగా నీటితోటలు వేస్తున్నాను. మొక్క ముక్క ఇస్తే పేరు చెప్పగలను. రోటాలా రొటుండిఫోలియాని ఏళ్ళ తరబడి రోటాలా ఇండికా అని అమ్మినప్పుడు ఈ చర్చా వేదికలో మొదట చెప్పింది నేనే. కాలువ గట్టున సీసాలో చేపపిల్లని పెంచడం వేరు, ఇది వేరు. ఊళ్ళో కనిపించిన ప్రతి పచ్చదానికీ 'నాచు' అని ఒకే పేరు పెట్టేస్తారు. వాలిస్నేరియా కూడా నాచే, సెరటోఫిల్లమూ నాచే. దాన్ని గుర్తుపట్టడం అనరు.

కొల్లేటికొంగ:
పేర్లు మాకు రాకపోవచ్చు సార్. ఏది ఏం చేస్తుందో తెలుసు. తెల్లారగట్ల చెరువులో బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్ళు తెరిస్తే రాత్రంతా నాచు గాలి తినేసిందని మా నాన్న ఏ మీటరూ లేకుండా చెప్పేవాడు. గడ్డిచేప ముందు ఏది మేస్తుంది, ఏది వదిలేస్తుంది, ఏ మొక్క తీస్తే మళ్ళీ రాదు, ఏది ముక్క పడితే పదవుతుంది, ఇవన్నీ తెలుసు. ఇంగ్లీషు లేబులు ఉన్న కప్పు కొంటే అది జ్ఞానం, మోకాలి లోతు దిగి పీకితే అది మురికి, అంతేనా?

నీటితోట:
మురికి అని నేను అనలేదు.

కొల్లేటికొంగ:
"గడప దాటలేదు" అన్నారు. మా ఊరి నీళ్ళు మీ గడప దాటకూడదు. సరే. మరి మీ గడప లోపలివి బయటికి ఎటు పోతున్నాయి? పదేళ్ళుగా తోటలు వేస్తున్నారు కదా, వారం వారం కత్తిరిస్తారు కదా. ఆ కత్తిరింపులు ఏం చేస్తారు?

నీటితోట:
దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

శ్రావణమేఘం:
చెప్పండి సార్, నాకూ తెలుసుకోవాలని ఉంది. నేను చెత్తబుట్టలో వేస్తాను.

నీటితోట:
మా అపార్ట్‌మెంట్ వెనక చెరువుంది. అందులో వేస్తాను. ప్రాణమున్న మొక్క, చెత్తలో పడేయడానికి మనసొప్పదు. ఆ చెరువు ఎలాగూ గుర్రపుడెక్కతో నిండి ఉంది, మురుగు కలుస్తోంది. నా గుప్పెడు కబోంబాతో కొత్తగా పాడయ్యేది ఏముంది?

కొల్లేటికొంగ:
ఇదీ సంగతి.

సార్, గంట నుంచి నాలుగాకులా అయిదాకులా అని మనం కొట్టుకుంటున్నాం. నాకు ఆకుల గొడవ లేదు. నా గొడవ ఇది. గుర్రపుడెక్క మా ఊళ్ళో పుట్టింది కాదు, అమెజాన్‌ది. ఊదా పువ్వు అందంగా ఉందని ఎవరో తెచ్చుకున్నారు, ఎవరో "ప్రాణమున్నది కదా" అని నీళ్ళలో వదిలారు. దాన్ని ఇప్పుడు ఎవరు తీస్తున్నారు? మా చెరువు లీజుకి తీసుకున్న ఏడు, కాలువలోంచి కొట్టుకొచ్చిన డెక్క తీయడానికి కూలీలకి పెట్టింది మేతకి పెట్టినదాంతో సమానమైంది. పడవ కర్రతో తోస్తే చాపలా కదిలేది, చీలేది కాదు. మా నాన్న నడుము అప్పుడు పోయిందే, మళ్ళీ నిలబడలేదు. అందులో మా నేలలో పుట్టిన నాచు ఒక్కటీ లేదు. అన్నీ ఎవరో ఒకరి తొట్టిలో నుంచి వచ్చినవే.

కబోంబా అన్నారు. కేరళలో కోళికోడ్ దగ్గర ఆవళపాండిలో 2020లో కాలువంతా గులాబీరంగు పూలు పూస్తే ఫోటోలు మీరూ చూసుంటారు. జనం కుటుంబాలతో వచ్చి చూశారు. అది కబోంబా ఫుర్కాటా, మీ జాతి మొక్కే. దాని ముక్కలు చేతికి చుట్టుకుని తీసుకెళ్ళినవాళ్ళు ఎన్ని కాలువల్లో పారేశారో.

నీటితోట:
ఒక చెరువు చచ్చిపోయాక అందులో నేను వేసే గుప్పెడు మీద నింద వేయడం సులువు. మురుగు వదిలే వాళ్ళ గురించి మాట్లాడరేం? నత్రజని, ఫాస్ఫరస్ దండిగా ఉంటేనే డెక్క ఆ వేగంతో పెరుగుతుంది. నీళ్ళు శుభ్రంగా ఉంటే డెక్క అంత త్వరగా చెరువుని మింగేయలేదు.

కొల్లేటికొంగ:
మురుగు వదిలేవాడు తప్పు చేస్తే మీది ఒప్పవుతుందా?

డాలస్_తూనీగ:
ఇద్దరూ కాస్త ఆగండి. నేనుండేది టెక్సస్‌లో. ఇక్కడ హైడ్రిల్లా ఇంట్లో ఉంచుకుంటే నేరం. అక్వేరియం వ్యాపారం ద్వారా 1950ల్లో ఫ్లోరిడాకి చేరిందది. ఇప్పుడు దాన్ని అణచడానికి ఏటా కోట్ల డాలర్లు పోస్తున్నారు. కొంగ గారూ, మీ కాలువలో అమాయకంగా ఉన్న నాచు ఇక్కడ రాక్షసి. దుంప మట్టిలో ఏళ్ళ తరబడి చావదు. గప్పీగూడు గారు ఆకివీడు నుంచి కూకట్‌పల్లికి మోసుకొచ్చిందీ ఆ లెక్కనే కదా?

కొల్లేటికొంగ:
మా నాచు మా దేశంలోదే అండీ. హైదరాబాద్ చెరువుల్లో అంతకుముందే ఉంది. మీ దేశం వాళ్ళు మోసుకెళ్తే మేమేం చేస్తాం.

డాలస్_తూనీగ:
మొక్కది తప్పని నేననలేదు. మోసుకెళ్ళే చేతిది అంటున్నాను. అది మీరు ఇందాక నీటితోట గారికి చెప్పిన మాటే.

లెక్కల మాస్టారు:
తూనీగ గారి మాటలో న్యాయముంది. మొక్క ఒకటే అయినా నీళ్ళు ఒకటి కావు. ఆ కాలువ నీళ్ళలో ఉన్న నత్త, జబ్బు, పురుగు ఈ చెరువుకి కొత్త కావచ్చు. ట్యాంక్‌లో వేయడం మీ ఇష్టం, ఎవరి చేప వాళ్ళది. బయటికి వదిలేది మాత్రం ఒకరి ఇష్టం మీద ఉండకూడదు. కణుపు ఉన్న చిన్న ముక్క చాలు, మళ్ళీ మొక్క అవుతుంది.

నీటితోట గారూ, కత్తిరింపులు డాబా మీద గుడ్డ పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. కరకరలాడేలా ఎండాక గులాబీ కుండీలో వేయండి. నేను ఏడేళ్ళుగా అంతే చేస్తున్నాను.

నీటితోట:
మాది కిందటంతస్తు. డాబా తాళం సెక్రటరీ దగ్గర ఉంటుంది.

శ్రావణమేఘం:
కిటికీ గ్రిల్లు ఉండదా సార్

నీటితోట:
ఉంటుంది. చూస్తాను. కానీ ఎడమ ఫోటోలో ఆకులు నాలుగే అన్న మాట మీద నేనున్నాను.

గప్పీగూడు:
ఆలస్యమైంది, క్షమించండి. మాస్టారు చెప్పినట్టు రెండూ వేళ్ళ మధ్య లాగాను. కాలువది గరగరమంది. షాపుది కూడా గరగరమంది. మా అబ్బాయి స్కూలు భూతద్దంతో చూస్తే రెండింటికీ నడి ఈనె మీద ముళ్ళున్నాయి. ఆకులు కింద నాలుగు, మధ్యలో అయిదు, చివర దగ్గర దగ్గరగా ఉండి లెక్క అందలేదు. కాలువదాని అడుగున దుంప కూడా దొరికింది, ఒకటే, చింతగింజ కన్నా చిన్నది. ఫోటో పెట్టాను.

బకెట్ అడుగున ఇంకోటి కూడా కదిలింది. ఆరు కాళ్ళు, పెద్ద కళ్ళు. నీటితోట గారూ, అదే కదా?

నీటితోట:
అదే. తూనీగ పిల్ల. చెప్పానా లేదా.

కొల్లేటికొంగ:
బకెట్‌లో దొరికింది కదా, ట్యాంక్‌లో కాదు. చెప్పానా లేదా.

గప్పీగూడు:
ఇద్దరూ చెప్పారు. ఇంకో రెండు వారాలు బకెట్‌లోనే. దుంపని ఏం చేయాలి? ఎండబెడితే చస్తుందా?

లెక్కల మాస్టారు:
ఎండని నమ్మకండి. గ్యాస్ మీద మరుగుతున్న నీళ్ళలో పడేయండి.

చేపలపిచ్చి_వరంగల్:
ఇప్పుడే చూశాను. మొత్తం చదవలేదు. కొంగ అన్నా, ఆ నాచు కొంచెం కొరియర్ చేస్తారా? చార్జీలు నేనే ఇస్తాను