నీఱు గప్పిన నిప్పు: ఆ బండి ఱ ఏమైంది?

నిన్న గుంపులో ఒకరు అడిగారు: "ఒకచోట 'నీరు గప్పిన నిప్పు' అని చదివాను. నీళ్ళు కప్పితే నిప్పు ఆరిపోదా? అచ్చుతప్పేమో?"

అచ్చుతప్పు కాదండీ. అది నీఱు. బండి ఱ తో రాస్తే బూడిద అని అర్థం. తమిళులు విభూతిని తిరునీఱు అంటారే, ఆ మాటే ఇది. రాతలో ఱ వదిలేశాక నీళ్ళూ బూడిదా ఒకే రూపంలోకి వచ్చి కూర్చున్నాయి. 'నివురు గప్పిన' అన్నా అర్థం అదే, ఇప్పుడు నోళ్ళలో అదే ఎక్కువ నిలిచింది. నివురును వట్టి బూడిదతో కలిపేయకూడదని నా పట్టుదల. కణకణలాడే బొగ్గు మీద ఊదితే లేచిపోయేంత పల్చగా, తెల్లగా పట్టేది నివురు. కింద నిప్పు బతికే ఉంటుంది. అంతా కాలి అడుగున మిగిలేది బూడిద.

ఈ తేడా నాకు మా ఉప్పల్ ఇంటి డాబా మీద తెలిసొచ్చింది. పోయిన ఏడాది మే నెలలో బొగ్గుల గ్రిల్ మీద కబాబులు కాల్చుకుని, బూడిద ఎత్తకుండా మూతపెట్టి వదిలేశాను. జూన్‌లో వానలు పట్టుకున్నాయి. ఆగస్టులో మూత తీస్తే బూడిద తడిసి సున్నం ముద్దలా అడుక్కి అతుక్కుని ఉంది. అట్లకాడతో గీకితే ముద్దతో పాటు ఎర్రటి పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు కింద వేలు దూరేంత చిల్లు! గాలి రావడానికి అడుగున ఉండే రేకు బిగుసుకుపోయి కదల్లేదు. కొత్త జాలీ కోసం రాణిగంజ్ వెళ్తే దుకాణంలో ఆయన పాతదాన్ని చేతిలో తిప్పి చూసి, "జంగు తిన్నది సార్. బూడిద తియ్యలేదా?" అన్నాడు. జంగు అంటే తుప్పే.

బొగ్గు బూడిదలో పొటాషియం లవణాలుంటాయి, అవి గాలిలో తేమను లాక్కుంటాయి. మాంసానికి పట్టించిన ఉప్పూ నిమ్మరసమూ కారి అందులోనే పడతాయి. ఆ చెమ్మ ముద్ద ఇనుముకు ఆనుకుని ఉన్నన్నాళ్ళూ తుప్పు తింటూనే ఉంటుంది. నీఱూ నీరూ కలిసినచోట ఇనుము నిలవదు. ఒక్క అక్షరం తేడా ఉన్న ఆ రెండు మాటలు నా గ్రిల్ అడుగున కలిశాయి.

ఇప్పుడు వంట కాగానే పైనా కిందా గాలి దారులు మూసేస్తాను, నిప్పు దానంతటదే ఆరుతుంది. నీళ్ళు చల్లను. చల్లితే బూడిద ముద్దవుతుంది, వేడి మీదున్న ఎనామెల్ పూత పగలొచ్చు. పైకి చల్లారినట్టున్న బూడిదలో మర్నాటికీ నిప్పు దాగి ఉండొచ్చు కాబట్టి, ఎత్తినా మూత ఉన్న రేకు డబ్బాలోకే ఎత్తుతాను, ప్లాస్టిక్ బకెట్ దగ్గరికి రానివ్వను. పోత ఇనుప జాలీకి దోసె పెనానికి చేసినట్టే: గీకి, పల్చగా నూనె తుడిచి, మళ్ళీ కాల్చాలి. ఆ నూనె గట్టి పొరై ఇనుమును కాస్తుంది. గ్రిల్ ఎనామెల్ గిన్నెను మాత్రం గీకొద్దు, పూత లేచినచోటే తుప్పు మొదలవుతుంది. కవరు కూడా పూర్తిగా చల్లారాకే కప్పాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

కింద 'జంగు తెలుగేనా' అని అడిగినవారికి: పారసీ మాటండీ, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. ఇక్కడ జంగు, సిలుము (చిలుము) రెండూ వింటాం. నేను రాతలో చిలుమును రాగి, ఇత్తడి సామాన్ల పచ్చదనానికి ఉంచుకుని, ఇనుముకు తుప్పు అనే రాస్తాను. సిలుము ఇనుముకూ అనేవారిది తప్పని అనను, మా వీధిలో అలాగే అంటారు.

'బూడిద కప్పితే నిప్పు ఆరాలి గదా' అన్న అక్కగారికి: మా అమ్మమ్మ రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేది. తెల్లవారి అగ్గిపెట్టె వెతికేది కాదు. పుల్లతో బూడిద పక్కకు తోసి, గొట్టంతో ఊది, పిడక ముక్క అంటించేది.