కార్డులు కూడబెట్టడం ఇక మనవల్ల అయ్యే పనేనా?

అటకపెట్టె
1999 నాటి ఇంగ్లిష్ పోకెమాన్ కార్డుల తొలి సెట్, బేస్ సెట్ అంటారు, అది పోగేస్తున్నా. 102 కార్డుల్లో 101 ఉన్నాయి, నాలుగో నంబరు గడి ఖాళీ. అదే, చారిజార్డ్ కార్డు. డబ్బు పోగేసి వెళ్లేసరికి దాని ధర ఇంకో మెట్టెక్కి కూర్చుంటోంది. 2020లో జనం ఇళ్లలో కూర్చుని అటకలు దులిపారు చూడండి, అక్కడ మొదలైంది ఈ పిచ్చి. 2021లో, కార్డు ఎంత బాగుందో చూసి పదికి మార్కులేసే (గ్రేడింగ్) పీఎస్‌ఏ కంపెనీ దగ్గర కార్డులు గుట్టలు పడి చాలా సర్వీసులు ఆపేశారు. అదే ఏడాది అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ వాళ్లు భద్రత పేరు చెప్పి స్టోర్లలో కార్డుల అమ్మకం నిలిపేశారు. దీన్ని హాబీ అంటారా?

సీల్‌విప్పను
మళ్లీ అదే ఏడుపు. పోకెమాన్ కంపెనీ 2023-24లో 1190 కోట్ల కార్డులు అచ్చేసింది. కొరతెక్కడ?

అటకపెట్టె
నాక్కావాల్సింది పాతికేళ్ల నాటిదండీ. ఇప్పుడు ఎన్ని అచ్చేస్తే నాకేం?

మూలమడత
1190 కోట్లంటే అన్ని భాషలవీ కలిపా?

సీల్‌విప్పను
కలిపే. అయితే?

మూలమడత
ఏం లేదు, అడిగానంతే.

పదికిపది
గ్రేడింగే కొంప ముంచింది. ఊపిరి బిగబట్టి స్లీవ్‌లో పెట్టుకున్న కార్డు పంపితే తొమ్మిదొచ్చింది. వెనక కుడి మూల, లైటు కింద వంచి చూస్తే ఆవగింజలో అరవయ్యో వంతు తెల్లచుక్క. ఆ చుక్క నా పెట్టుబడంతా మింగేసింది.

సీల్‌విప్పను
సెంటరింగ్, అదే బొమ్మ చుట్టూ అంచులు సమానంగా ఉన్నాయా అని చూసుకుని పంపాలి బాస్.

పదికిపది
సెంటరింగ్ బ్రహ్మాండం. స్కేలు పెట్టి కొలిచా.

సీల్‌విప్పను
కార్డు మీద స్కేలు పెట్టారా?? ఆ చుక్క ఎక్కడిదో తెలిసింది.

పదికిపది
ప్లాస్టిక్ స్కేలు!!

సీల్‌విప్పను
సరే, అసలు విషయం. అందరికీ చవగ్గా దొరకాలంటే ఏమవుతుందో 1980ల చివర బేస్‌బాల్ కార్డుల్లో చూశాం. ఎడాపెడా అచ్చేశారు, విలువ పోయింది, ఇప్పుడా కాలానికి జంక్ వ్యాక్స్ (చెత్త మైనపు పొట్లాలు) అని పేరు. అదే, 1952లో టాప్స్ కంపెనీ అచ్చేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మ్యాంటిల్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఎందుకు? అమ్ముడుపోని పెట్టెల్ని టాప్స్ వాళ్లు సముద్రంలో పారబోశారు. ఆ పని చేయించిన టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ చెప్పిన మాటే ఇది.

అటకపెట్టె
అంటే సముద్రంలో కలిపితేగానీ మీకు విలువ కనపడదు. ఇంకెందుకు దాపరికం, చెప్పేస్తా. నా చారిజార్డ్ మీ దగ్గర నాలుగున్నాయి. నిరుడు మీరే ఫొటో పెట్టారు, నాలుగూ ప్లాస్టిక్ డబ్బాల్లో వరసగా. మార్పిడికి అడిగా. నా దగ్గర డబల్ ఉన్న బ్లాస్టాయిస్, వీనసార్ కార్డులు రెండూ ఇస్తానన్నా. అవుననీ కాదనీ లేదు, వేలం లింకు పంపారు.

పదికిపది
అమ్మో, నాలుగా!

సీల్‌విప్పను
నాలుగే. చిత్తుకాగితాలకి డబ్బు తగలేస్తున్నావని అందరూ నవ్విన రోజుల్లో కొన్నవి. అప్పుడెవరైనా వచ్చి నా నష్టంలో పాలు పంచుకున్నారా? ఒకసారి స్నేహం కదా అని ఒకరికి సగం ధరకిచ్చా. వారం తిరక్కముందే అదే కార్డు, అంచున అదే గీత, రెట్టింపు ధరకి అమ్మకానికి కనపడింది. ఆరోజు నుంచి నా దగ్గర స్నేహధరల్లేవు.

అటకపెట్టె
అది చేసింది నేను కాదు కదండీ.

సీల్‌విప్పను
మీరూ చెయ్యరని నాకెలా తెలుసు?

అటకపెట్టె
101 కార్డులు పెట్టుకుని అమ్ముకుంటానా? ఇన్నేళ్లుగా ఇక్కడ నా బైండర్ ఫొటోలు చూస్తూనే ఉన్నారు. ధర సంగతి వదిలెయ్యండి. మీకు మేమంతా కొనుగోలుదార్లం, అంతే.

సీల్‌విప్పను
మీకు మాత్రం నేను నాలుగు కార్డులున్న బీరువాని.

మూలమడత
అన్నా, నా దగ్గరుంది ఒక చారిజార్డ్. స్కూల్లో ఆడి ఆడి నలిగిపోయింది, మధ్యలో మడత కూడా. ఆ బ్లాస్టాయిస్, వీనసార్ ఇస్తే మీకిచ్చేస్తా. మెసేజ్ పెట్టండి.

అటకపెట్టె
చాలా థాంక్స్ తమ్ముడూ. మడత బొమ్మ మీదికి వచ్చిందా, కింద రాతల దగ్గరే ఆగిందా?